పురుగుల సంగతి

ఆ పొద్దున బుడాన్ అనుకున్న పని ఒక్కటే. అద్దంకి వెళ్లి పట్టు పరిశ్రమ ఆఫీసరు జయపాల్‌ను తీసుకొచ్చి, తన పట్టుపురుగుల్ని చూపించడం. వరసగా రెండేళ్లు పత్తిని పచ్చపురుగు తినేశాక, జయపాల్ మాట విని అరెకరంలో మల్బరీ నాటాడు. ఇంకో వారంలో పురుగులు గూళ్లు కడతాయి. ఇదీ పోతే పొలం వదిలేసి కూలికి పోవడమే.

అతను వెళ్లాక భార్య రహమతున్నీసా మల్బరీ ఆకు కోయడానికి బయల్దేరింది. సరిగ్గా అప్పుడే ఆమె అన్న గౌస్ బాషా, తోటి రైతు జక్రయ్య మోపెడ్ దిగారు. ఇద్దరిదీ పక్క ఊళ్లో పత్తి సేద్యం. పురుగుమందు కొనుక్కుని పోతూ ఆగారు.

“నేను చేలోకి పోయొస్తా అన్నా. కాస్త లోపల ఆ పురుగుల సంగతి చూడు” అంది.

గౌస్ బాషా లోపలికి తొంగిచూశాడు. తట్టల నిండా ఆకు, ఆకు నిండా పురుగు. చేలో పడ్డ పురుగును చూశాడు గానీ, ఇంట్లోకొచ్చి తట్టల్లో కాపురం పెట్టిన పురుగును చూడలేదు. చెల్లెలి అవస్థకు మనసు కరిగింది. పాత స్ప్రేయరు గోడకే వేలాడుతోంది.

తను కొన్న మందు కలిపి ఒక డోసు కొట్టాడు. పురుగు తల కూడా తిప్పలేదు. మందు పెంచి రెండోది కొట్టాడు. ఇది మొండి రకమని జక్రయ్య తేల్చి, తన డబ్బా కూడా అందులో వంచాడు.

ఆకు మోపుతో వచ్చిన రహమతున్నీసా గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఏం చేశావన్నా?”

“సంగతి చూడమన్నావుగా. ఇంకో డోసుకు పోతాయిలే.”

ఇంతలో బుడాన్, జయపాల్ వచ్చారు. గౌస్ బాషా భుజాన స్ప్రేయరు చూసి బుడాన్ అరుగు మీద కూలబడ్డాడు.

“వాటిని పెంచుతున్నా బావా” అన్నాడు.

“పురుగునా?”

లోపల తట్టల్లోంచి, తాటాకు మీద సన్నగా తుంపర పడుతున్నట్టు చప్పుడు వినిపించింది. జయపాల్ తట్టల మీదకు వంగాడు.

“తింటున్నాయండీ” అన్నాడు. “తడి ఆకు తీసి పొడిది వెయ్యండమ్మా. వీటికి చెమ్మ పడదు.” తర్వాత డబ్బా ఎత్తి వాసన చూశాడు. “ఇది మందు కాదండీ. రంగు నీళ్లు.”

బుడాన్ లేచి నిలబడ్డాడు. గౌస్ బాషా, జక్రయ్య కూర్చున్నారు. అదే మందు వాళ్లు తమ పత్తికి నాలుగుసార్లు కొట్టారు. రహమతున్నీసా ఇచ్చిన టీ చల్లారిపోయింది.

“అరెకరానికి ఎన్ని మల్బరీ మొక్కలు కావాలి సార్?” అని అడిగాడు గౌస్ బాషా చివరికి.

ఆ ఏడు ఆ మందు కొట్టాక చేతికొచ్చిన పంట బుడాన్ పట్టుగూళ్లొక్కటే.