తమ్ముడి తొలగింపు

ఇద్దరు మనుషుల మధ్య ఏ బంధముందో మనసు తేలుస్తుందనుకునే అమాయకులు ఈ దేశంలో ఇంకా మిగిలే ఉన్నారు. తేల్చేది కంప్యూటర్. నర్సీపట్నంలో అది బాంధవ్య సవరణ విభాగంలో, మూడో కిటికీ వెనక, గణేశ్వరరావు గారి ముందు ఉంటుంది.

మోటార్లు వైండింగ్ చేసే ధర్మారావు, టైలర్ మన్మథరావు పదకొండేళ్లుగా కలిసి కాపురం చేస్తున్నారు. పెళ్లికాని మగాళ్లకు ఇల్లివ్వనని ఇంటావిడ జోగులమ్మ అన్న రోజున, ధర్మారావు తొందరపడి "మా తమ్ముడండి" అనేశాడు. సర్వేకి వచ్చినవాళ్లు అదే మాట ఎక్కించుకుపోయారు. (ఇంటిపేర్లు వేరైనా కంప్యూటర్ అడ్డు చెప్పలేదు. దానికి జాలి కలగడం అదే మొదలు, అదే ఆఖరు.)

ఇప్పుడు వాళ్లు తమ పెళ్లిని ఒప్పుకోని చట్టం మీద హైకోర్టుకు వెళుతున్నారు. లాయరు ఈశ్వరి గారు కాగితాలు చూసి తల పట్టుకున్నారు.

"రికార్డుల్లో అన్నదమ్ములుగా ఉంటే కేసు మొదటి వాయిదాకే పోద్దండి. సోమవారంలోగా తీయించుకు రండి."

పదకొండేళ్లు ఊరందరి ముందూ తమ్ముడూ అని పిలిచి ధర్మారావుకు రోత పుట్టింది. ఒక్క కాగితంలోనైనా నిజం కనబడితే చాలనుకున్నాడు.

మూడో కిటికీ దగ్గర మొదటిరోజు తల్లిదండ్రుల అంగీకారం అడిగారు. రెండోరోజు, అన్నదమ్ములు విడిపోవాలంటే ఆస్తి తగువు ఉన్నట్టు రుజువు కావాలన్నారు. మూడోరోజు సాక్షిగా జోగులమ్మే వచ్చింది.

"ఆళ్లు అన్నదమ్ములేటి బాబూ! పదకొండేళ్లలో ఒక్కనాడు దెబ్బలాడుకోనేదు. నాకెప్పుడో తెల్సు, నానే అడగనేదు."

ధర్మారావు కళ్లు చెమ్మగిల్లాయి. గణేశ్వరరావు గారు సాక్ష్యం నమ్మదగినదేనని రాసుకుని, ఎక్కించడానికి కంప్యూటర్లో గడి లేదన్నారు.

శుక్రవారం సాయంత్రం, ఆఫీసు మూసేవేళకు, ఆయన అసలు సంగతి చెప్పారు.

"తమ్ముడ్ని తీసేయడానికి సిస్టంలో రెండే కారణాలండి. పెళ్లి, లేదా మరణం."

"అయితే పెళ్లే ఎట్టండి," అన్నాడు ధర్మారావు.

"సర్టిఫికెట్టేదండి?"

"దానికోసరమే కదండీ కోర్టుకెల్తన్నాం! కోర్టుకెల్లాలంటే ఈ కాయితం కావాల."

గణేశ్వరరావు గారు చెడ్డవారు కాదు. నిజంగానే బాధపడ్డారు. కళ్లజోడు తుడుచుకుని, గొంతు తగ్గించి దారి చెప్పారు.

"మరణం పెట్టీమంటారా? అదైతే బేగి అయిపోద్ది."

పక్కనే నిలబడ్డ మన్మథరావు అడిగాడు.

"మా ఇద్దర్లో ఎవులు సావాలండీ?"

"అది మీ ఇంటి విషయమండి," అన్నారు గణేశ్వరరావు గారు. "అందులో గవర్నమెంటు జోక్యం చేసుకోదు."