ఎలీషా కడుపు, అబ్రహాము కారు

శనివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. నంద్యాల నుంచి కారులో ఆళ్లగడ్డకు పోవాలి, పెళ్లికూతురి తరఫువాళ్లను ఎక్కించుకుని రావాలి, ఇల్లు చూపించాలి, కోడికూర పెట్టాలి, సాయంత్రానికి దిగబెట్టాలి. ఎలీషా, ఆళ్లగడ్డ ఫెబా ఒకరికొకరు ఎప్పుడో నచ్చేశారు. ఇల్లు చూసుకోవడం ఒక్కటే మిగిలింది. అదయితే పెళ్లికి ముందు జరిగే ప్రధానం తేదీ పెట్టుకోవచ్చు. ఈ పిల్ల కాకపోతే తనకు పెళ్లే వద్దని ఎలీషా ఇంట్లో చెప్పేశాడు.

"బాడుగ బండి మాట్లాడుకుందాం నాయనా," అన్నాడు.

"ఏం, నా కారుకేం రోగం?" అన్నాడు తండ్రి అబ్రహాము.

ఆయన డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. కారు ఆయన కొడుకు కంటే రెండేళ్లు పెద్దది. కొడుకును చాలాసార్లు తిట్టాడు గానీ కారును ఒక్క మాట అన్నది లేదు, ఇంకొకరిని అననిచ్చిందీ లేదు. "చుక్క ఆయిల్ కార్చదు" అనే మాట ఆ ఇంటికొచ్చిన ప్రతివాడికీ మంచినీళ్లతోపాటే అందేది.

ఆళ్లగడ్డలో ముగ్గురు ఎక్కారు. ఫెబా తండ్రి సంజీవయ్య, తల్లి కమలమ్మ, నాయనమ్మ దేవమ్మ. సంజీవయ్య ఒకప్పుడు కాంపౌండరు. ఇప్పుడు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మందులు చెబుతుంటాడు. ఎలీషా స్టీరింగు పట్టుకుంటే సంజీవయ్య పక్కన కూర్చున్నాడు, అబ్రహాముతో కలిసి మిగతావాళ్లు వెనక సర్దుకున్నారు. దేవమ్మ చెవికి గాలి పడదంటే అద్దాలన్నీ ఎక్కించారు.

శిరివెళ్ల దాటాక వాసన వచ్చింది. మురిగిన కోడిగుడ్డు వాసన. పెద్దమనుషుల మధ్య ఇలాంటివి గాలికి వదిలేస్తారు. ఆ కారులో గాలి లేదు.

"చేన్లకు ఎరువేసినట్టుండారు," అంది కమలమ్మ.

"ఇది ఎరువు గాదు," అన్నాడు సంజీవయ్య.

"నాయనా, మన కారులోంచేమో..." అని ఎలీషా నసిగాడు.

"నా కారు చుక్క కార్చదు," అన్నాడు అబ్రహాము వెనక నుంచి.

దాంతో కారు కాదని తేలిపోయింది. ఆడవాళ్లను అనుమానించడం మర్యాద కాదు. కాబోయే వియ్యంకుణ్ణి అనుమానించడం అంతకన్నా కాదు. ఇక మిగిలింది కారు నడిపేవాడు. సంజీవయ్య చెయ్యి చాపి అతని నాడి పట్టుకున్నాడు.

"పొద్దున ఏం తింటివి నాయనా?"

"ఉగ్గాని, బజ్జీలు."

"ఎన్ని బజ్జీలు?"

ఎలీషా ఉన్న లెక్క చెప్పాడు. సంజీవయ్య నాడి వదిలేసి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

నంద్యాలలో ఇల్లు అందరికీ నచ్చింది. అబ్రహాము భార్య లూదియా వండిన కోడికూర ఇంకా నచ్చింది. ఎలీషాకు మాత్రం మజ్జిగన్నం చాలని కాబోయే మామ తేల్చాడు. సాయంత్రం దిగబెట్టేటప్పుడు వాసన మరింత చిక్కబడింది. శిరివెళ్ల రాకముందే దేవమ్మ తన చెవి సంగతి మరిచిపోయి అద్దం దించేసింది.

ఇంటికి చేరాక సంజీవయ్య ఫోన్ చేశాడు. "పిల్లోడు బంగారమే అన్నా. కానీ కడుపులో ఏందో ఉండాది. పెద్ద డాక్టరుకు సూపీండి. అది తేలేదాంకా ప్రధానం మాటెత్తొద్దు."

లూదియా లబోదిబోమంది. మరునాడు చర్చిలో ప్రార్థన మనవి ఇచ్చింది. "సహోదరుడు ఎలీషా ఉదర బాధ నుండి విడుదల పొందులాగున" అని పాస్టరుగారు మైకులో చదివారు. ఆ మైకు రెండు వీధులకు వినబడుతుంది. సాయంత్రానికి ఇంటికి వాము వచ్చింది, శొంఠి వచ్చింది, ఏ ఊరిదో తెలియని ఒక కషాయం వచ్చింది. ఎలీషా పనిచేసే బ్యాంకులో తోటివాళ్లు కుర్చీలు కాస్త జరుపుకున్నారు. డాక్టరు పొట్ట మీద తట్టి, "గ్యాసు పోయే దారి మూసుకుపోయింది, లోపల ఒత్తిడి పెరిగింది," అని మాత్రలు రాశాడు. లేని రోగానికి మాత్రలు మింగేసరికి ఉన్న ఆకలి చచ్చింది.

ఫెబా ఫోన్ చేసింది. "నిజం చెప్పు. నీకేమన్నా ఉన్నా నేను భరిస్తా. మా నాయన భరించడు."

ఎలీషాకు ఏడుపొక్కటే తక్కువ. ఫోన్ పెట్టేసి, పెద్ద అట్టముక్క ఒకటి తెచ్చి కారు కిందికి తోశాడు. పొద్దున చూస్తే, వెనక చక్రాల మధ్యకు సరిగ్గా కింద నల్లటి మచ్చ ఉంది.

"అది ఎదురింటి ఆటోది," అన్నాడు అబ్రహాము.

"ఆటో మన కారు కిందికెట్లా దూరింది నాయనా?"

లూదియా అట్ట ఎత్తి వాసన చూసింది. "ఓరి దేవుడా, మీరు చెప్పిన మురిగిన గుడ్డు కంపు ఇదే! చెడింది నా కొడుకు కడుపు కాదయ్యా, నీ కారు కడుపు!"

మెకానిక్ మస్తాన్ కారు కిందికి దూరాడు. వెనక ఇరుసు మధ్యలో గడ్డలా ఉండే హౌసింగ్ దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయింది. లోపలి పళ్లచక్రాలకు పోసే క్రౌన్ ఆయిల్ కారితే, దాన్ని తిరిగే రాడ్డు చిమ్ముతుంటే, అది కాలుతున్న సైలెన్సరు గొట్టం మీద పడుతోంది. "ఆ ఆయిల్లో గంధకం ఉంటాది. వాసన రాక యాడికి పోతాది?" అని కొత్త సీలు వేశాడు. తెల్లారి అట్ట మీద మళ్లీ మచ్చ పడింది.

మస్తాన్ మళ్లీ దూరాడు. ఈసారి నవ్వుతూ బయటికొచ్చాడు. "హౌసింగ్ పైన గాలి పోయే బుడిపె ఉంటాదప్పా. రేగడిమట్టి మెత్తుకోని మూసుకపోయింది. వేడికి లోపలి గాలి యాడికి పోవల్ల? సీలును తోసుకోని వస్తాంది."

డాక్టరు కూడా అచ్చం ఇదే చెప్పాడని లూదియా అంది. బుడిపె శుభ్రం చేసి, సీలు మళ్లీ మార్చాక కొత్త అట్ట పెడితే దాని మీద చుక్క పడలేదు. ఆ అట్టను సాక్ష్యంగా పట్టుకుని తండ్రీకొడుకులు ఆళ్లగడ్డకు పోయారు.

సంజీవయ్య అట్టను రెండు వైపులా తిప్పి చూశాడు. "రోగం దాచేటోళ్లు కారు మీదికే తోస్తారన్నా. శిరివెళ్ల దాంకా పోయొద్దాం పా. మళ్లా వాసనొచ్చిందంటే ఈ సంబంధం ఈడికే సరి."

కమలమ్మ కూడా ఎక్కింది. అద్దాలు ఎక్కించారు. శిరివెళ్ల వచ్చేదాకా ఏ వాసనా లేదు. సంజీవయ్య సంతోషం పట్టలేక అక్కడ దిగి, ఎవరు వద్దన్నా వినకుండా పొట్లం నిండా మిరపకాయ బజ్జీలు తిన్నాడు. తిరుగుదారిలో సగం దూరం వచ్చారో లేదో, వాసన వచ్చింది.

ఎలీషా ముఖం పాలిపోయింది. కమలమ్మ మొగుడి మెడ వంక చూసింది. కాపురం చేసిన మనిషికి కొన్ని తెలుస్తాయి. సంజీవయ్య కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఈసారి ఎవరూ ఎవరి నాడీ పట్టుకోలేదు.

"అబ్రహామన్నా," అన్నాడు చివరికి, తల తిప్పకుండా. "కారు ఇంగా కారుతాన్నట్టుంది."

మచ్చలేని అట్ట అబ్రహాము ఒళ్లోనే ఉంది. "చుక్క కార్చదు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముందరి అద్దంలో కొడుకు కళ్లు కనిపించాయి. అబ్రహాము అట్టను మెల్లగా కాళ్ల కిందికి తోసేశాడు.

"ఔనన్నా, కారుతాంది," అన్నాడు. "పాత బండి. దాన్నేం నమ్మేది?"

"అదే గదా నేనూ అనేది!" సంజీవయ్యకు ప్రాణం లేచివచ్చింది. "కారు కారిందని బంగారట్లా పిల్లోన్ని వదులుకుంటామా? వచ్చే నెల్లోనే ప్రధానం పెట్టుకుందాం."

అన్నట్టే ప్రధానం ఘనంగా జరిగింది, ఎలీషాకు అడిగినన్ని బజ్జీలు పెట్టారు. కారుకు మాత్రం ఇంతవరకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు.