పాత వైరింగు పదికాలాలు చల్లగా ఉండాలి!

ఇంట్లో కరెంటు సరిగ్గా ఉండటమంత అరిష్టం ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం.

కోప్పడకండి. మీరంతా కొత్తిళ్ళలో, గోడల్లోపల పైపులు దూర్పించుకుని, గదికి నాలుగేసి ప్లగ్గులు పెట్టించుకుని, ఎప్పుడు పడితే అప్పుడు ఏ స్విచ్చు పడితే ఆ స్విచ్చు నొక్కుకునే నిర్భాగ్యులు. పక్కగదిలో మీ అమ్మాయి ఏం చేస్తోందో మీకు తెలుసా? మీ ఆవిడ మిక్సీ వేసిందో, ఇస్త్రీ పెట్టిందో వరండాలో కూర్చుని చెప్పగలరా? చెప్పలేరు! మీ ఇంట్లో బల్బులు మసకబారవు కదా, పాపం.

ఏకాంబరం గారు చెప్పగలరు. తిరుపతిలో కొర్లగుంట వైపు ఆయనకు సొంత ఇల్లుంది. ఆయన ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. ఇల్లు వాళ్ళ నాయన కట్టించింది. గోడల మీద టేకు రీపర్లు, అంటే సన్నటి చెక్కపట్టీలు, వాటి మీద క్లిప్పులు కొట్టి బిగించిన వైర్లు. గదికో బల్బు, హాల్లో ఒక ఫ్యాను, ఒక రేడియో, అంతే ఆ పెద్దాయన ఆలోచించింది. తర్వాత రేడియో పోయి కలర్ టీవీ వచ్చింది. ఫ్రిజ్ వచ్చింది. మిక్సీ, గ్రైండరు, కూలరు, ఇస్త్రీ పెట్టె, బోరు మోటారు, ఒకదాని వెనక ఒకటి వాయిదాల మీద గృహప్రవేశం చేశాయి. వైరు మాత్రం మారలేదు. రేడియో ప్లగ్గులో ఒక టూ-వే, ఆ టూ-వేలో ఇంకో టూ-వే, దాంట్లో మరొకటి గుచ్చితే అరటిగెల మాదిరి గోడకు వేలాడేది. ఇంటికి వచ్చినవాళ్ళకు ఏకాంబరం గారు దాన్ని చూపించి మరీ గర్వపడేవారు.

గర్వపడరా మరి? ఆ గెల వల్ల ఆ ఇంటికి ఎంత క్రమశిక్షణ అబ్బిందని! గ్రైండరు తిరిగేటప్పుడు టీవీ ఆగాలి. మోటారు వేసేముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి. ఇస్త్రీ చేసుకోవాలంటే కూలరు ముందున్న మనిషి అనుమతి తీసుకోవాలి. ఒకే కప్పు కింద ఉంటూ నెలల తరబడి మాట్లాడుకోని కుటుంబాలున్న ఈ రోజుల్లో, అక్కడ ఒక స్విచ్చు నొక్కాలంటే ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవాల్సిందే. అంతటి ఐకమత్యం ఏ సంఘం మీటింగులో చూశారు మీరు?

భక్తి సంగతి చెప్పనే లేదు. ఇంటర్ చదివే భానుశ్రీ, వాళ్ళ ఏకైక కుమార్తె, ఇస్త్రీ పెట్టె స్విచ్చు మీద వేలు పెట్టే ముందు కళ్ళు మూసుకుని గోవిందా అనేది. కొండ కింద ఉన్నా కొండవాణ్ణి తలుచుకునే తీరిక మనలో ఎంతమందికి ఉంది? ఆ పిల్ల రోజుకు లెక్కలేనన్నిసార్లు తలుచుకునేది. తిరుపతి ఊళ్ళో ఇంత పెద్ద నామస్మరణ ఇంత తక్కువ ఓల్టేజీలో మరెక్కడా జరగలేదు.

ఇంత స్వర్గంలోనూ ఒక దుష్టుడు ఉండేవాడు. మెయిను దగ్గర తెల్లటి పింగాణీ గూట్లో కూర్చున్న ఫ్యూజు. దాని ప్రవర్తన నాకు మొదటి నుంచీ నచ్చలేదు. కాస్త పని ఎక్కువైతే చాలు, ఠప్పుమని తెగిపోయి, నా వల్ల కాదు పొమ్మనేది. ఇంటి యజమాని ముఖం మీదే! ఏకాంబరం గారు చొక్కా జేబులో పెన్ను పక్కనే టెస్టరు పెట్టుకు తిరిగే మనిషి. ఎలక్ట్రీషియన్లంటే ఆయనకు చిన్నచూపు. ప్రతిసారీ స్టూలెక్కి సన్నటి రాగిపోగు ఒకటి కట్టి దిగేవారు. అది మళ్ళీ తెగేది.

ఒకరోజు ఆయనకు ఒళ్ళు మండింది. పాత వైరు ముక్క ఒకటి ఒలిచి, అందులో పోగులన్నీ కలిపి, దారం పేనినట్టు పేని, ఫ్యూజులో బిగించేశారు. అంతే! ఆ తర్వాత గ్రైండరూ టీవీ ఒకేసారి నడిచాయి. కూలరూ మోటారూ కలిసి తిరిగాయి. ఫ్యూజు కిక్కురుమనలేదు. మర్నాడు ఆఫీసులో ఏకాంబరం గారు ఈ విజయాన్ని వర్ణించి చెబితే, ఇద్దరు గుమాస్తాలు ఇంటికి వెళ్ళి వాళ్ళ ఫ్యూజుల్నీ అదే దారికి తెచ్చారు. ఎంత వేసినా మోసేదాన్ని తెచ్చుకోవాలి గానీ, కాదనే నోరున్నదాన్ని ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు చెప్పండి?

ఇక్కడ ఆయన భార్య దేవకమ్మ గురించి చెప్పాలి. ఆవిడ అభివృద్ధి నిరోధకురాలు. ఏళ్ళ తరబడి ఒకటే పాట: వైరింగు మార్పించండి, వైర్ల మీద రబ్బరు పెళుసెక్కి ఊడిపోతోంది, వంటింట్లో పని చేయాలంటే భయంగా ఉంది అని. ఏకాంబరం గారు ఏనాడూ కాదనలేదు. అట్లే చేద్దాం అనేవారు. ఆ మాటతో మూడు పండుగ బోనసులు గడిచిపోయాయి.

నాలుగోసారి బోనసుతోపాటు జీతం పాత బకాయిలు కూడా చేతికొచ్చాయి. అదే వేసవిలో చిత్తూరు నుంచి ఆయన అక్క వసంతమ్మ తన మనవడి పుట్టువెంట్రుకలు కొండ మీద తీయించడానికి కుటుంబంతో దిగుతున్నట్టు కబురు పంపింది. మీకు తెలియనిదేముంది? తిరుపతిలో ఇల్లున్న ప్రతివాడికీ స్వామి మీద భక్తి ఉన్నవాళ్ళంతా చుట్టాలే. దేవకమ్మ ఈసారన్నా వైరింగు మార్పిద్దామంది. ఏకాంబరం గారు బాగా ఆలోచించి ఇంటికి రంగులేయించారు.

"వైర్లు ఎవురు సూస్తారు? గోడలైతే వచ్చినోళ్ళంతా సూస్తారు" అన్నారు ఆవిడతో.

కాదనగలమా? పెయింటరు గోడలతోపాటు రీపర్లకు, వైర్లకు, క్లిప్పులకు కూడా లేత పచ్చరంగు పూసేశాడు. వైరింగు ఎక్కడుందో వెతికినా కనపడలేదు. కంటికి కనపడనిది బాగున్నట్టే లెక్క.

చుట్టాలు దిగారు. కొండకు పోయి గుండు కొట్టించి, దర్శనం చేసుకుని, మర్నాడు సాయంత్రానికి ఇల్లు చేరారు. మే నెల ఉక్క. హాల్లో గుండ్లన్నీ ఫ్యాను కింద, కూలరు ముందు చేరాయి. టీవీలో క్రికెట్టు. పెరట్లో నీళ్ళు అయిపోయి మోటారు వేశారు. వంటింట్లో దేవకమ్మ అంతమందికీ తెల్లారి దోసెలకు పిండి వేయాలని గ్రైండరు తిప్పుతోంది. అన్నీ కలిసి నడుస్తున్నాయి. ఏకాంబరం గారు ఆ వైభవాన్ని చూసుకుని, మా ఇంట్లో ఫ్యూజు పోయే మాటే లేదని బావగారితో అంటున్నారు.

అప్పుడు కమురు వాసన మొదలైంది.

వసంతమ్మ ముక్కు ఎగబీల్చింది. రసం అడుగంటిందేమోనంది. బావగారు కాదు, పాలు పొంగి మాడుంటాయన్నాడు. ఏకాంబరం గారికి చుట్టాల ముందు తల కొట్టేసినట్టయింది.

"దేవకీ, పొయ్యి మింద ఏందో మాడతాండాది, సూసుకోవా?" అని వంటింట్లోకి కేకేశారు.

గ్రైండరు మోతలో ఆవిడకు వినపడలేదు. ఆయన మళ్ళీ కేకేశారు. ఈసారి వసంతమ్మ కూడా జత కలిపింది, వంట దగ్గర ధ్యాస ఉండాలమ్మా అని. దేవకమ్మ పప్పు ఎనుపుతున్న గుత్తి చేత్తోనే పట్టుకుని హాల్లోకి వచ్చింది. పొయ్యి మీద ఏమీ లేదని చెప్పబోయి, తల ఎత్తి చూసింది.

చుట్టాల తలలమీదుగా పోయే లేతపచ్చ రీపరు నల్లబడుతోంది. నలుపు పాకుతూ, ఫ్యాను వైపు నుంచి టీవీ వైపుకు వస్తోంది. దాని వెనకే సన్నగా పొగ. కిందనే గుండు మీద గంధం పూసుకున్న పసివాడు నిద్రపోతున్నాడు.

ఆవిడ ఎవరినీ పిలవలేదు. గబగబా నడిచి వెళ్ళి, ఆ కొయ్యగుత్తితోనే మెయిను హ్యాండిలును కిందికి కొట్టింది. ఇల్లంతా చీకటి పడింది. ఇంకా సద్దుమణగని కమురు వాసనలో మొదట వినపడింది బావగారి గొంతు. స్కోరెంతో చూడనిచ్చారు కాదే అని.

రీపరు జానెడు బొగ్గయి ఆగిపోయింది. పసివాడు నిద్ర లేవలేదు. ఏకాంబరం గారు టార్చి వేసి గోడంతా వెతికి, పోయిందల్లా కొంచెం రంగేనని తేల్చారు. ఎవురికీ ఏమీ కాలేదు గదా అని అక్కకు ధైర్యం చెప్పారు. కాలిన ముక్క తనే కత్తిరించి, చివరలకు టేపు చుట్టి, వంటింటి లైను భేషుగ్గా ఉందని మెయిను మళ్ళీ పైకెత్తారు. తెల్లారగానే మనిషిని పంపించారు.

ఎలక్ట్రీషియన్ కోసం అనుకుంటున్నారా? పెయింటరు కోసమండీ! నల్లమచ్చ పోవాలి కదా.

ఆ పొద్దు ఇంకో విచిత్రం జరిగింది. ఏడు దాటినా కాఫీ రాలేదు. వసంతమ్మ వంటింట్లోకి తొంగి చూస్తే అక్కడెవరూ లేరు. పిండి గిన్నెలో పొంగి అంచులు దాటుతోంది. దేవకమ్మ వరండా మెట్టు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒంట్లో బాగాలేదా అని అడిగింది ఆడబిడ్డ.

"బాగానే ఉండాను వదినా. నా చేత కాలేదు, అంతే" అంది దేవకమ్మ.

ఆ ఇంట్లో ఈ మాట ఇంతకుముందు ఫ్యూజు తప్ప ఇంకెవరూ అనలేదు. ఏకాంబరం గారు వచ్చి చూశారు. కోప్పడదామంటే అక్క ముందు బాగుండదు. బతిమాలదామంటే అలవాటు లేదు. సరే, కాఫీ పెట్టడం ఏమంత బ్రహ్మవిద్యని పంచె ఎగ్గట్టి, స్నానం చేసిన తడికాళ్ళతో వంటింట్లోకి వెళ్ళారు. పాల కోసం ఫ్రిజ్ స్టీలు పిడి పట్టుకున్నారు.

ఆయన ఎగిరి గోడకు కొట్టుకున్న చప్పుడు వీధి చివర టీ కొట్టుదాకా వినపడిందంటారు. చెయ్యి భుజం దాకా జివ్వున లాగేసింది. టెస్టరు ఎక్కడో పడింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. దేవకమ్మ కూడా వచ్చింది. ఆయన్ను పట్టుకుని లేపి కూర్చోబెట్టి, చెయ్యి తన చేతిలోకి తీసుకుని గట్టిగా రుద్దింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇది కొడతాండాదే" అన్నారాయన, కొంచెం తేరుకున్నాక.

"కొన్న కాడి నుంచి కొడతానే ఉండాది. పీట మింద నిలబడి తియ్యాల" అంది ఆవిడ, చెయ్యి రుద్దుతూనే.

ఫ్రిజ్ ముందు ఒక కొయ్యపీట ఉంది. ఆవిడ రోజూ దాని మీద నిలబడి తలుపు తీస్తుంటే మడికోసమనుకున్నారు ఆయన. వసంతమ్మ అయితే ఎంత ఆచారమో అని చిత్తూరులో పదిమందికి చెప్పింది కూడా.

"నాతో ఒక్కమాట చెప్పొద్దా?"

"వైరింగు మార్పించండని ఇన్నాళ్ళుగా ఏం చెప్పినానంటారు?"

మధ్యాహ్నానికి ఎలక్ట్రీషియన్ మునిశేఖర్ మనుషులతో వచ్చి రీపర్లు పీకడం మొదలుపెట్టాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడిగితే, వంటింటి నుంచి అన్నది ఏకాంబరం గారే. అర్జంటు పని అన్నారు. ఒక్కరోజు ఆలస్యమైనా మనుషులు చచ్చిపోతారన్నారు. పెయింటరును వెనక్కి పంపేశారు. కరెంటుతో చెలగాటం కూడదని వీధిలో నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పారు.

కాబట్టి పాఠకమహాశయులారా, పాత వైరింగును తిట్టకండి. దాన్ని మించిన గురువు లేదు. ఇంట్లో ఆడమనిషికి ఏళ్ళ తరబడి కొట్టేదాన్ని అలవాటు అంటారు. షాకు అనేది ఇంటాయనకు కొట్టిన రోజు నుంచే మొదలవుతుంది.