పేరు పండుగకొచ్చిన సాక్షులు

ఆ ఉదయం లుడ్విక్ స్రోకా లెక్క సులువుగానే ఉంది. రాడోమ్ నుంచి రాజధాని వార్సా వెళ్ళాలి, పేటెంటు విచారణలో పోటీ వ్యాపారి వాల్డెమార్‌ను దొంగని రుజువు చెయ్యాలి, భోజనానికి ఇంటికి రావాలి.

స్నానాలగది హీటర్లు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే సెన్సర్ అతని సరుకు. లోపల కాస్త యాసిడ్, అందులో ఒక వత్తి. తలకిందులుగా తగిలించినా తడి ఆరనివ్వని ఆ వత్తి మీదే అతని పేటెంటు, పేటెంటు మీదే దుకాణం. వాల్డెమార్ అదే వత్తి పెట్టి చవగ్గా అమ్ముతూ, పైగా లుడ్విక్ పేటెంటు రద్దు చెయ్యమని పేటెంటు ఆఫీసులో అర్జీ పెట్టాడు.

"నీది చూసే చేశాడని ఎవరు చెప్తారు?" అంది భార్య టెక్లా.

"పక్కింటి కునెగుండ. నా పేరు పండక్కి వాడొచ్చి చూసినప్పుడు అక్కడే ఉంది."

తీరా చూస్తే గుమ్మం ముందు కునెగుండతో పాటు ఆవిడ చెల్లెలు, చెల్లెలి వెంట చర్చి పాటల బృందం, వాళ్ళ వెనక పోస్ట్‌మాన్ నిలబడి ఉన్నారు. అందరూ ఆ రోజు, లుడ్విక్ పేరుగల పునీతుడి పండగనాడు, అతనింట్లో కేకు తిన్నవాళ్ళే. సాక్ష్యం సరుకులాంటిది, ఎక్కువుంటే బేరం మనదే అనుకుని లుడ్విక్ బస్సు మాట్లాడాడు.

విచారణలో కునెగుండ చేప పళ్ళెం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. "పళ్ళెం పక్కకి జరిపి, సెన్సర్ విప్పి, వత్తి ఎలా పనిచేస్తుందో మా అందరికీ చెప్పాడండీ. వాల్డెమార్ రెండోసారి కూడా చెప్పించుకున్నాడు."

వాల్డెమార్ తలవంచుకున్నాడు. అతని వకీలు నెమ్మదిగా లేచింది.

"మిమ్మల్ని ఎవరు పిలిచారమ్మా?"

కునెగుండకు కోపమొచ్చింది. "పేరు పండక్కి పిలుస్తారా ఎవరైనా? గుర్తున్నవాళ్ళు వస్తారు. తలుపు తీసే ఉంటుంది."

"నేను ఉత్తరం ఇవ్వడానికి వెళ్ళా," అన్నాడు పోస్ట్‌మాన్. "నాక్కూడా చూపించాడు."

వకీలు లుడ్విక్ వైపు తిరిగింది. "మరి పేటెంటుకి దరఖాస్తు ఎప్పుడు పెట్టారు?"

"పండగయ్యాక," అన్నాడు లుడ్విక్ గర్వంగా. "అందరూ మెచ్చుకున్నాకే నాకు ధైర్యమొచ్చింది."

విచారణ అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. "దరఖాస్తుకి ముందే దారినపోయేవాళ్ళకి కూడా చూపించిన వస్తువుకి పేటెంటు నిలవదండీ."

తిరుగు ప్రయాణంలో పాటల బృందం పాడుతూనే ఉంది.

"దొంగని రుజువైందిగా?" అంది కునెగుండ.

"అయింది. దొంగిలించిన వస్తువు నాది కాదని కూడా అయింది."

మరుసటి పేరు పండుగకు అందరికన్నా ముందు పూలు పట్టుకుని వచ్చింది వాల్డెమారే. తలుపు తీసే ఉంది. లుడ్విక్ కుర్చీ చూపించి, కేకు కోసి పెట్టాడు.

ఆ ఏడు మాత్రం బల్లమీద చేపల పళ్ళెం పక్కకు జరగలేదు.