ముద్ర పడిన వెక్కిరింత

ఒక పెద్ద అడవిలో నాట్యం నేర్చుకుందామని బయల్దేరిన ముళ్ళపంది ఒక్కటే ఒక్కటి. ఆ తెలివితక్కువవాణ్ణి నేనే.

అడవి నాట్యసంఘం వాళ్ళు నాకు పట్టు వేషం తొడిగి చూశారు. రెండు గిరికీలు కొట్టేసరికి వేషం పీలికలైంది, పక్కనున్న జింక ఆస్పత్రి పాలైంది. "మీరు చూడ్డానికి రండి, ఆడ్డానికి వద్దు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అందని ద్రాక్ష పుల్లన అంటారే, ఆ పులుపుతోనే నేను బతుకు మొదలుపెట్టాను.

నా ముల్లు నేనే పీక్కుని, దాంతో చెక్క మీద బొమ్మ చెక్కి, నేరేడు రసం పూసి టేకాకుల మీద అచ్చు వేసేవాణ్ణి. అన్నీ నాట్యం చేసేవాళ్ళ బొమ్మలే. ఒకరి పొట్ట, ఒకరి ముక్కు, ఒకరి కిరీటం. చెట్టుచెట్టుకీ తగిలిస్తే అడవంతా పడీపడీ నవ్వేది. కళాసేవ చేస్తున్నానని అందరితో చెప్పేవాణ్ణి. అది ఉత్త కడుపుమంటని నాకూ తెలుసు.

ఆ ఏడు వసంతోత్సవానికి నా కన్ను ధవళాంగి మీద పడింది. ఆవిడ కొంగ, పదేళ్ళుగా ప్రధాన నర్తకి. సంఘం వాళ్ళు కట్టబెట్టే వేషమేమో నేల మీద జీరాడే బరువు పావడా. పోయినేడు ఆ కుచ్చెళ్ళలో కాలు తట్టుకుని రెండుసార్లు పడింది. ఈసారీ పడితే వెనక వరుసలోకి పంపేస్తామని సంఘం నోటీసిచ్చింది.

పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారంటారు. నాకా సామెత పనికిరాదు, నా పేరంతా పడ్డవాళ్ళ మీద సంపాదించిందే. ధవళాంగి పావడాని నడుం దగ్గర విప్పిన గొడుగులా అడ్డంగా నిలబెట్టి గీశాను. కింద రెండు కాళ్ళూ బోసిగా, వెదురుపుల్లల్లా పెట్టాను.

మర్నాడు ఆవిడే వచ్చింది.

"ముళ్ళయ్యగారూ, నా కాళ్ళు మరీ అంత సన్నమాండీ?"

"కళన్నాక కాస్త అతిశయోక్తి ఉంటుందమ్మా."

"ఉత్సవం పది రోజులే ఉంది. ఇప్పుడు నేను రంగం మీదికొస్తే అందరూ కాళ్ళే చూస్తారు. అది అయ్యేదాకా ఆగాల్సింది మీరు."

వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. అయినా ఇంకో యాభై ఆకులు అచ్చేశాను.

ఆ బొమ్మ సంఘాధ్యక్షుడు భల్లూకరావుగారి దాకా పోయింది. ఎలుగుబంటికి కోపం రావడమూ, గుమాస్తా తాబేలుని పిలవడమూ ఒక్కసారే జరుగుతాయి.

"సంఘం ముద్ర లేకుండా ఈ బొమ్మ బయటికెలా వచ్చిందయ్యా? ముందు ఆ సంగతి చూడు" అన్నాడాయన.

తాబేలుది నూటముప్పై ఏళ్ళ సర్వీసు. ఇంతవరకూ ఏ ఆజ్ఞనీ ఆలోచించి ఎరగదు. ముద్ర లేదన్నారు కాబట్టి ముద్ర కొట్టింది. మా సంఘంలో నాట్యముద్రల కంటే ఆఫీసు ముద్రలే ఎక్కువ. ముద్ర పడిన వేషం బొమ్మ దర్జీకి పోవాలన్నది రూలు. పంపేసింది.

ఉత్సవం రోజు పొద్దున్నే దర్జీ పిట్ట వేషం పట్టుకొచ్చింది. చూసి ధవళాంగి ఏడ్చేసింది.

"ఇది నన్ను వెక్కిరించడానికి వేసిన బొమ్మ కదా."

"నాకదంతా తెలీదమ్మా. ముద్ర ఉంది, కుట్టాను."

భల్లూకరావు ముద్ర చూశాడు. ముద్ర తప్పంటే సంఘం తప్పన్నట్టే. "ఇదే ఈ ఏటి వేషం" అని తేల్చేశాడు.

నేను ముందు వరుసలో కూర్చున్నాను. ఆవిడ పడగానే గీద్దామని చెక్క కూడా తెచ్చుకున్నాను, అంతటి ఘనుణ్ణి.

తెర లేచింది. ఒకటే నవ్వులు. ధవళాంగి మెల్లగా ఓ కాలెత్తింది. కాలికి ఏదీ అడ్డు తగల్లేదు. ఒంటికాలి మీద గిర్రున తిరిగింది, ఆగింది, రెండో కాలు పైకి చాచింది. పదేళ్ళుగా ఆ కుచ్చెళ్ళ కింద ఆవిడ ఏం చేస్తోందో అడవిలో ఎవరూ చూడలేదు. బొమ్మలు గీసే నేనూ చూడలేదు. నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో తెలీదు. నేను చెయ్యాలని కలలుగన్న నాట్యం అది. నాకు ఏడుపొచ్చింది.

ఆట అయ్యాక ధవళాంగి తిన్నగా నా దగ్గరికొచ్చి దణ్ణం పెట్టింది.

"అందరూ దాచిన కాళ్ళని మీరొక్కరే చూపించారు. అవి ఇలా ఆడగలవని మీకెప్పుడు తెలిసిందండీ?"

నిజం చెప్పెయ్యాలనే నోరు తెరిచాను.

"మొదట్నుంచీ తెలుసమ్మా" అన్నాను.

ఆవిడ ప్రధాన నర్తకిగానే ఉంది. నన్ను సంఘానికి ఆస్థాన వేషకర్తని చేశారు. ఇప్పుడు కోతులూ కుందేళ్ళూ కూడా గొడుగు పావడాలే కడుతున్నాయి. పోనీ ఎవర్నైనా వెక్కిరిద్దామంటే నేనేం గీసినా తాబేలు ముద్ర కొడుతోంది, పిట్ట కుట్టేస్తోంది. మొన్న భల్లూకరావుకి బానపొట్ట పెట్టి గీశాను. ఆయన దూది కూరించుకుని తిరుగుతూ, కనపడినప్పుడల్లా నాకు నమస్కారం పెడుతున్నాడు.

నీతి: ఎదుటివాళ్ళని వెక్కిరించదలిస్తే, బొమ్మ బాగా రాకుండా చూసుకోవాలి.