సగం మీసం దగ్గర చార్జింగ్ అయిపోయింది

ఆ పొద్దున డ్రైవరు గారు పెట్టుకున్న పని ఒక్కటే, మీసం సరిచేయించుకోవడం. ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి ఆ రోజుతో ఉద్యోగం విరమిస్తున్నారు. మిగిలిన సెలవులన్నీ వాడుకుని నెలరోజులుగా ఇంట్లోనే ఉన్నారేమో, డిపోలో వీడ్కోలు సభ అనగానే ప్రాణం లేచొచ్చింది. సభ కాగానే అందరితో ఫొటో. బస్సు నంబరు గుర్తులేని ముసలమ్మలు కూడా "మీసాలాయన బస్సు" అని అడిగి మరీ ఎక్కేవారు. అంతటి మీసం ఫొటోలో వంకరగా పడితే ఇంకేమన్నా ఉందా!

కత్తిరించే పని అల్లుడు తన మీద వేసుకున్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. మీసం కత్తిరించే మిషను తాను కొనిచ్చిందే, తానే పట్టాలన్నాడు. మామగారు చాలాసేపు ఆలోచించి మొహం అప్పగించారు. కూతుర్ని అప్పగించిన రోజు కూడా ఆయన అంత ఆలోచించలేదు.

ఎడమ మీసం పొందిగ్గా పొట్టిదైంది. మిషను కుడివైపుకి తిరిగి, ఒకసారి కుయ్యిమని, ఊరుకుంది.

"ఏమైందయ్యా?"

"చార్జింగ్ అయిపోయింది మామయ్యా. రెండే నిమిషాలు."

"మరి చార్జరేదీ?"

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. పోయినవారం ఎవరో పిల్లవాడి బొమ్మకారు పట్టుకుని కొట్టుకి వచ్చారు. తన సంచిలోనే ఉండిపోయిన ఈ మిషను తీగ దానికి అతికినట్టు సరిపోయింది. గుమ్మం ఎక్కిన గిరాకీని దింపెయ్యడం ఇష్టంలేక ఇచ్చేశాడు.

"భయపడకండి. నా సంచిలో లేని చార్జరు లోకంలోనే లేదు!" అని సంచి బోర్లించాడు. పాములపుట్ట పగిలినట్టు నేలంతా తీగలు. ఒకటి లావు, ఒకటి బల్లపరుపు. ఒకటి దూరింది గానీ నిలవలేదు. ఇంకోటి దూరి, మళ్ళీ బయటికి రానని మొండికేసింది.

అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని చూశారు. "గోడలోంచి వచ్చే కరెంటు ఒకటే కదయ్యా, ఇన్ని రకాల మూతులెందుకూ?"

"ఒక్కో కంపెనీదీ ఒక్కో మూతి అత్తయ్యా."

"మీ మామయ్యకి ఉన్నది ఒక్కటే. దాన్నీ ఇలా చేశావు."

ఎదురింటి పిన్నిగారు కాళ్ళు పట్టించుకునే మిషను తీగ అరువిచ్చారు. అది సరిగ్గా దూరింది! అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ దూరిందల్లా సరిపోయినట్టేనా? మిషను పూనకం వచ్చినట్టు ఊగి, కుడి మీసం నడుమ నాగలి చాలు ఒకటి వేసి, గుప్పున పొగ వదిలింది. ఫట్‌మని మేడంతా కరెంటు పోయింది.

మూడంతస్తుల వాళ్ళూ గుమ్మం ముందుకొచ్చారు. డ్రైవరు గారు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. కళ్ళేమో పొగకి కారిపోతున్నాయి.

పిన్నిగారి గుండె కరిగిపోయింది. "అయ్యో అన్నయ్యగారూ, ఉద్యోగం అయిపోతోందని ఏడుస్తున్నారా! ఊరుకోండి."

"ఏడుపు కాదమ్మా..." అన్నారాయన తువ్వాల్లోంచి.

"చూశారా, గొంతు కూడా పెగలట్లేదు!" అందావిడ. ఇక అందరూ ఓదార్పు మొదలెట్టారు. తిట్టడానికి మెట్లు దిగినవాళ్ళు కూడా వీపు నిమిరి వెళ్ళారు.

తలుపు వేసుకుని చివరికి బట్టలు కుట్టే కత్తెర తీశారు. పిల్లుల రొట్టె పంచిన కోతిలా అల్లుడు అటు కాస్త, ఇటు కాస్త కత్తిరించాడు. ముక్కు కింద చీమల బారంత మిగిలింది.

"అదెందుకింక? గీసెయ్" అన్నారు మామగారు. నున్నగా గీసేశాక అద్దంలో చూసుకుని, పరాయివాణ్ణి చూసినట్టు పక్కకి తప్పుకున్నారు.

డిపో గేటు దగ్గర కాపలాదారు అడ్డం నిలబడ్డాడు. "ఎవరు కావాలండీ? లోపల మీసాలాయన సభ జరుగుతోంది."

"నేనే ఆయన్ని."

"పరాచికాలు ఆపండి సార్, పెద్దవారు!"

"ఆయనేనయ్యా, నా మొగుడు. నేను పూచీ" అని అత్తగారు చెయ్యిపట్టి లోపలికి లాక్కెళ్ళారు.

లోపల అడుగుపెట్టి డ్రైవరు గారు కొయ్యబారిపోయారు. ఎదురుగా డ్రైవర్లు, మెకానిక్కులు, మేనేజరు. ప్రతి మూతి మీదా, అచ్చం ఆయన మీసమే! ఆయన్ని మురిపించాలని నెలరోజులుగా చాటుగా పెంచారట. పెరగని కుర్రాళ్ళు అతికించుకున్నారు. కండక్టరమ్మ కాటుకతో దిద్దుకుంది. "మా మీసాలాయన గౌరవార్థం..." అంటూ మేనేజరు తలెత్తి, మిగతా మాట మింగేశాడు.

ముందు కండక్టరమ్మ కిసుక్కుమంది. ఆమె వెనకే డిపో అంతా. అందరికంటే గట్టిగా నవ్వింది డ్రైవరు గారే. నవ్వీ నవ్వీ, పొద్దున పిన్నిగారు ఓదార్చిన ఏడుపు అప్పుడు నిజంగానే వచ్చేసింది. తువ్వాలేమో ఇంట్లో ఉండిపోయింది.

ఆ ఫొటో ఇప్పుడు వాళ్ళ ముందుగదిలో ఉంది. ఇందులో మీ ఆయన ఎవరండీ అని ఎవరడిగినా, అత్తగారు కుర్చీలోంచి లేవరు కూడా.

"మీసం లేని మొహం ఒక్కటే ఉంటుంది, చూసుకోండి."