మీరు ముందండి

ఆ ఆదివారం పొద్దున్న అమ్మిరాజు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భీమవరం పక్కనున్న ఊరి నుంచి కారులో నరసాపురం రేవుకి వెళ్లాలి. కారుని పంటు పడవ మీదికెక్కించి గోదావరి దాటాలి. అంతర్వేదిలో మొక్కు తీర్చుకుని చీకటి పడేలోగా ఇంటికి చేరాలి. వియ్యంకుడు పోతురాజు గారు కూడా జీపులో రేవుకి వచ్చి కలుస్తానన్నారు. సుభద్రమ్మ కేరేజీలో పులిహోర సర్దింది. ఇందులో కొంప మునిగే సంగతి ఏమీ లేదు. కాకపోతే ఇద్దరు మర్యాదస్తులు ఒకచోట కలుస్తున్నారు, అదొక్కటే చిక్కు.

ఆ కారు సంగతి ముందు చెప్పాలి. సుభద్రమ్మకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చారు. అమ్మిరాజు గారు దాన్ని తవ్వించి రొయ్యల చెరువు చేశారు. రొయ్యలకి వైరస్ తగిలింది. చెరువు అమ్మి బాకీలు తీర్చగా మిగిలిందానితో ఈ మారుతి కారు వచ్చింది. పెళ్లిళ్లకీ పేరంటాలకీ అద్దెకి తిప్పుకుంటే ఇల్లు గడుస్తుందని ఆవిడ ఆశ. ఆవిడకి మిగిలిన ఆస్తల్లా అదే.

కారు కొన్నప్పుడు బీమా ఏజెంటు వీరబ్రహ్మం ఇంటికొచ్చి, పాపం, విడమరిచే చెప్పాడు.

"రాజుగారూ, థర్డ్ పార్టీ పాలసీ అంటే మీ కారు వల్ల అవతలోళ్లకి నష్టమైతే కంపెనీ వాళ్లకిస్తుందండి. మీ కారుకి ఏమైనా మీకు పైసా రాదు. ఫుల్ పాలసీ అయితే మీ కారుక్కూడా ఇస్తారండి."

"మరి ఎవడో వచ్చి మన కారుని గుద్దితే?"

"తప్పు ఆయనదని తేలితే ఆయన పాలసీలోంచి మీకొస్తుందండి. కాలవలో పడిందనుకోండి, ఎవరిస్తారు?"

"కాలవలో పడటానికి నేనేమన్నా తాగి నడుపుతానా? పోలీసోళ్లు ఆపితే చూపించడానికి ఓ కాగితం ఉంటే చాలు."

గుమ్మంలోంచి సుభద్రమ్మ అంది, "ఏవండీ, ఆ ఫుల్‌దే తీసుకుందామండి. చెరువప్పుడూ నా మాట వినలేదు."

"నీకన్నిటికీ భయమే," అని అమ్మిరాజు గారు థర్డ్ పార్టీకి సంతకం పెట్టారు. అలా మిగుల్చుకున్న డబ్బుతో ఆ సాయంత్రమే వీధిలోవాళ్లందరికీ కోడిపలావు పెట్టి, తన తెలివి గురించి అందరికీ చెప్పుకున్నారు. తిన్నవాళ్లందరూ ఔనన్నారు.

ఇక రేవు. పంటు ఒడ్డుకి ఆనుకుని ఉంది. దాని మీదికెక్కడానికి ఏటవాలుగా బల్లలు పరిచారు. ముందు అమ్మిరాజు గారి కారు, వెనకాల పోతురాజు గారి జీపు. నేరుగా ఎక్కించేస్తే కథే లేదు. కానీ వియ్యంకుడిని వెనక పెట్టుకుని తాను ముందు ఎక్కడమా? అమ్మిరాజు గారు హేండ్‌బ్రేకు వేశారు, చక్రానికి రాయి అడ్డుపెట్టారు, సుభద్రమ్మని కూడా దింపి వెనక్కి నడిచారు.

"బావగారూ, మీరు ముందండి."

"అబ్బే, మీరు ముందొచ్చారు, మీరే ముందండి."

"ఎంతమాట. మీరు కాస్త వెనక్కి తీస్తే నేను పక్కకి తప్పుకుంటాను."

పంటు నడిపే సరంగు తల పట్టుకున్నాడు. వెనక బస్సువాడు హారన్ మోగిస్తున్నాడు. చివరికి పోతురాజు గారు, "సరే, మీ మాట నేను కాదనలేను," అని జీపెక్కారు. వెనక్కి తీయడానికి గేరు వేశారు. ఆ తొందరలో పడింది మొదటి గేరు. జీపు ముందుకి ఎగిరి కారుని ఒక్క పోటు పొడిచింది. కారు రాయిని దాటింది, బల్లల మీదున్న చేపల గంపల్ని తొక్కింది, పంటు కమ్మీ విరగ్గొట్టి, పులిహోరతో సహా గోదాట్లోకి దిగిపోయింది.

సుభద్రమ్మ ఇసకలో చతికిలపడి, "నా పొలం," అని మాత్రం అంది.

అందరూ చూశారు. తప్పు జీపుదేనని చిన్నపిల్లాడైనా చెప్తాడు. కబురు విని పరిగెత్తుకొచ్చిన వీరబ్రహ్మం అమ్మిరాజు గారి చెవిలో, "ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. పోతురాజు గారి జేబులోంచి ఏమీ పోదండి, ఆయన కంపెనీయే ఇస్తుంది," అన్నాడు. కానిస్టేబులు తప్పెవరిదని అడిగాడు.

అమ్మిరాజు గారి కూతురు భానుశ్రీ పోతురాజు గారి కోడలు. పిల్ల కాపురం చేస్తున్న ఇంటి పెద్దని నలుగురిలో వేలెత్తి చూపిస్తామా? పైగా తాను "నాది" అంటే ఆయన "కాదు, నాదే" అంటాడు. అదే పద్ధతి. ఆ ధైర్యంతో ఛాతీ విరిచి, "తప్పు నాదేనండి," అన్నారు.

పోతురాజు గారు నోరు తెరిచారు. వియ్యంకుడి మొహంలోకి ఓసారి చూశారు. నోరు మూసుకున్నారు. కానిస్టేబులు రాసేసుకున్నాడు.

ఆ తర్వాత థర్డ్ పార్టీ పాలసీ తన పని తాను శుభ్రంగా చేసింది. కొన్నాళ్లు తిప్పించుకున్నా, జీపుకి కొత్త బంపరు వేయించింది, చేపలవాళ్లకి గంపల ఖరీదిచ్చింది, పంటుకి కమ్మీ పెట్టించింది. కంపెనీ మంచిదని రేవంతా మెచ్చుకున్నారు. ఇంజను నిండా ఒండ్రు పట్టిన కారు మాత్రం పాత ఇనుము కొట్టుకి పోయింది.

"మీ మావగారు ఇంత మనిషనుకోలేదే," అని కూతురు వచ్చినప్పుడు అమ్మిరాజు గారు కడుపులోది కక్కేశారు.

భానుశ్రీ తెల్లబోయింది. "అదేంటి నాన్నా? తప్పు తనదేనని చెప్పబోయారంట. ఈలోపు మీరు నాదన్నారు. మీ మాట నలుగురిలో కాదంటే మీకు చిన్నతనమని ఊరుకున్నారంట. ఇప్పటికీ బాధపడతారు."

సుభద్రమ్మ ఇద్దరినీ చూసి లోపలికెళ్లిపోయింది. ఆ పూట పొయ్యి వెలగలేదు.

మొక్కు మొక్కే కనక, కూతురు వచ్చి వెళ్లిన నెల తిరక్కుండా పోతురాజు గారు వాళ్లని అంతర్వేది తీసుకెళ్లడానికి జీపు తెచ్చారు.

"మీరు ముందు కూర్చోండి బావగారూ," అన్నారు పోతురాజు గారు.

"అబ్బే, మీరు పెద్దవారు, మీరు ముందండి. డ్రైవరున్నాడుగా."

సుభద్రమ్మ ఇద్దరి మధ్యలోంచి వెళ్లి ముందు సీట్లో కూర్చుని తలుపేసుకుంది.

"నా పొలంలో మిగిలింది ఈ బంపరొక్కటేనండి. దాని దగ్గరే కూర్చుంటాను."